సైనికునకు ఇంటినుండి జాబు



కొన్ని దినముల క్రిందట తొమ్మిదవ తరగతిలో లేఖారచనా పాఠము చెప్పుచుండగా ఒక బాలిక లేచి, "మాష్టారూ! అందరి చేతుల్లోనూ ఫోను ఉంది కదా, ఇప్పుడు ఉత్తరాలు ఎవరు రాస్తారు?" అని అడిగెను. ప్రశ్న సమంజసమైనదే. ఇంతలో గంట మ్రోగుటచే నేను సమాధానము పూర్తిగా చెప్పలేకపోతిని. ఆ మిగిలిన సమాధానమే ఈ వ్యాసము. ఇది విద్యార్థులకే గాక వారి తల్లిదండ్రులకును ఉద్దేశింపబడినది.

జాబు యొక్క విలువ తెలియవలెనన్నచో, జాబు కొరకు అందరికంటె ఎక్కువగా ఎదురుచూచు మనిషి ఎవరో మొదట తెలిసికొనవలెను. అతడు సైనికుడు.

శిబిర జీవితము

సైనికుడనగానే మనకు తుపాకియు, యుద్ధభూమియు స్ఫురించును. కాని సైనికుని కాలములో అధికభాగము యుద్ధమునందు గాక శిబిరమునందే గడచును. తెల్లవారకమునుపే లేచుట, వ్యాయామము, కవాతు, ఆయుధములను శుభ్రపరచుట, కాపలా, సాయంకాలపు ఆటలు, రాత్రి హాజరు – ఇట్లు దినమంతయు గంట ప్రకారము నడచును. ఒక మంచము, ఒక పెట్టె, ఒక పళ్లెము, ఒక లోటా. అచ్చట అతనికి సొంతమనదగినవి ఇంతే.

దక్షిణదేశపు యువకులు అనేకులు చేరునది మద్రాసు రెజిమెంటు. ఇది 1758లో ఆరంభమైనదని చెప్పుదురు. దీని శిక్షణ కేంద్రము నీలగిరులలోని వెల్లింగ్టనునందున్నది. అచ్చట తెలుగు, తమిళ, కన్నడ, మలయాళ యువకులు ఒకే కప్పు క్రింద నిద్రింతురు. అందరును కలిసి మాటలాడుటకు హిందీ నేర్చుకొందురు. శిక్షణ ముగిసి దూరప్రాంతమునకు పోయిన పిమ్మట మన పిల్లవానికి నోరార తెలుగు మాటలాడు అవకాశము ఏ పదిదినములకో ఒకమారు దొరకిన గొప్ప.

సైనికునకు సామాన్యముగా సంవత్సరమునకు 60 దినముల వార్షిక సెలవును, 30 దినముల సాధారణ సెలవును ఉండును. అన్నియు దొరకినను, మిగిలిన తొమ్మిది మాసములు అతనికి ఇల్లు కంటికి కనబడదు. కొన్ని శిబిరములు మరియు దుర్గమములు. 1984 ఏప్రిల్ 13వ తేదీన మన సైన్యము సియాచిన్ హిమనదమునకు చేరినది. నాటినుండి నేటివరకు 18,000 అడుగులకు పైబడిన ఎత్తున మనవారు కాపలా కాయుచున్నారు. చుట్టును మంచు తప్ప మరేమియు లేని ఆ చోటికి ఆహారమును, కిరసనాయిలును తీసికొనిపోవు హెలికాప్టరులోనే జాబుల సంచియు పోవును. తిండితోపాటు జాబునుగూడ సైన్యము అవసర వస్తువుగానే ఎంచినదని దీనివలన గ్రహింపవచ్చును.

జాబు నడచు దారి

సైనికునకు వ్రాయు జాబుపై ఊరి పేరుండదు. అతని సంఖ్య, హోదా, పేరు, దళము పేరు వ్రాసి, క్రింద "56 ఏ.పి.ఓ." అనియో "99 ఏ.పి.ఓ." అనియో వ్రాసి, పిన్ సంఖ్య వేయవలెను. 56 అని వ్రాసినది ఢిల్లీలోని సైనిక తపాలా కేంద్రమునకును, 99 అని వ్రాసినది కలకత్తాలోని కేంద్రమునకును చేరును. అచ్చటినుండి అది ఏ కొండకు పోవునో, ఏ లోయకు పోవునో ఆ శాఖవారికే తెలియును. శత్రువునకు దళముల జాడ తెలియకుండుటకే ఈ ఏర్పాటు.

మన దేశమున పిన్ సంఖ్యలు 1972 ఆగస్టు 15న అమలులోనికి వచ్చెను. మన రాజపాళయపు సంఖ్య 6తో మొదలగును. సైన్యమునకు ప్రత్యేకముగా 9తో మొదలగు సంఖ్యలు కేటాయింపబడినవి. కనుక 9తో మొదలగు సంఖ్య గల కవరు మీ వీథిలో ఏ ఇంటికి వచ్చినను, ఆ యింటి బిడ్డ ఒకడు సరిహద్దున ఉన్నాడని తెలిసికొనుడు.

సేన వెంట తపాలా కచేరి నడచుట క్రొత్త సంగతి కాదు. 1856లో పారశీక దేశముపై దండెత్తిన సేనతోనే ఇట్టి కచేరి వెళ్లినది. 1972 మార్చి 1న సైనిక తపాలా దళము ప్రత్యేక దళముగా ఏర్పడెను. నాగపురము చెంతనున్న కాంప్టీయందు దాని శిక్షణ కేంద్రము కలదు. మన ఊరి తపాలా కచేరిలో పనిచేయువారివంటి ఉద్యోగులే సైనిక దుస్తులు ధరించి అచ్చట జాబులను వేరు చేయుచుందురు.

వ్రాయరాని సైనికుల జాబులు

1914 సెప్టెంబరు చివర భారతసేనలు ఫ్రాన్సు దేశమునందలి మార్సెయ్ రేవున దిగెను. వారిలో పెక్కుమందికి చదువు రాదు. అయినను 1915 మార్చి నాటికి ఆ సైనికులు వారమునకు 10,000 మొదలు 20,000 వరకు జాబులు పంపుచుండిరి. వ్రాయనేర్చిన తోటివానిచేత వ్రాయించుకొనిరి. ఊరిలో ఆ జాబును చదువనేర్చినవాడు బిగ్గరగా చదువగా ఇంటివారును, ఇరుగుపొరుగువారును కూర్చుండి వినిరి.

ఆ జాబులను అధికారులు తెరచి చూచుచుండిరి. యుద్ధపు సంగతులు నేరుగా వ్రాయ వీలులేదు. అందుచే కొందరు ఉపాయము పన్నిరి. నల్లమిరియములు తరిగిపోవుచున్నవని వ్రాసినచో భారత సైనికులు నేలకొరగుచున్నారని అర్థము. ఎర్ర మిరియములనగా తెల్లదొరల సేన. వంట దినుసుల మాటున మరణవార్తలు ఇల్లు చేరెను. నాటి తనిఖీదారులు ఆంగ్లమున వ్రాసికొనిన ఆ జాబుల భాగములు నేటికిని లండనులోని బ్రిటిష్ లైబ్రరీయందు భద్రముగా నున్నవి. చదువురాని రైతుబిడ్డల మాటలు నూరు సంవత్సరములు దాటి మనవరకు వచ్చినవన్నచో, అవి కాగితముపై నుండుటయే కారణము.

తెలుగుదేశమునందును సైనికుల ఊళ్లు కలవు. పశ్చిమ గోదావరి జిల్లాలోని మాధవరము మొదటి ప్రపంచ యుద్ధమునాటినుండి తరతరములుగా బిడ్డలను సైన్యమునకు పంపుచున్నది. ఆ ఊరిని మిలిటరీ మాధవరమనియే పిలుతురు.

మామ్మగారు నేర్పిన పాఠము

1999 వేసవిలో నేను ఆంధ్రదేశమున ఉపాధ్యాయ శిక్షణ పొందుచుంటిని. అది కార్గిల్ యుద్ధకాలము. నేను అద్దెకున్న ఇంటి యజమానురాలు ఒక వృద్ధురాలు. మేమందరము ఆమెను మామ్మగారని పిలుచుచుంటిమి. ఆమె కుమారుడు కాశ్మీరమున సైనికుడు. ఆమెకు చదువు రాదు.

ఒకనాడు జాబు వచ్చెను. మామ్మగారు దానిని నా చేతికిచ్చి ఎదుట కూర్చుండిరి. పదకొండు పంక్తులే ఉన్నవి. గేదె ఈనినదా? వంటింటి కప్పు కారుట ఆగినదా? చెల్లెలి బిడ్డకు పళ్లు వచ్చినవా? ఇవే ప్రశ్నలు. యుద్ధమును గూర్చి ఒక్క మాటయు లేదు. దేశమంతయు యుద్ధవార్తలకై చెవులు నిక్కించి యుండగా ఇతడు గేదెను గూర్చి అడుగుచున్నాడేమని నాకు వింత తోచెను. మామ్మగారు ఆ జాబును మూడుమార్లు చదివించుకొని, "వాడికి ఇల్లు కనబడుతోంది నాయనా, అది చాలు" అనిరి.

పిమ్మట నాచేత ప్రత్యుత్తరము వ్రాయించిరి. ఆమె చెప్పుచుండగా నేను వ్రాసితిని. కాని అప్పుడు నాకు పాండిత్యమునందు మక్కువ హెచ్చు. ఆమె "గేదె ఈనింది, దూడ నల్లగా నీలాగే ఉంది" అని చెప్పగా, నేను "మహిషి ప్రసవించినది, వత్సము కృష్ణవర్ణముతో నొప్పుచున్నది" అను ధోరణిలో వ్రాసి, చదివి వినిపించితిని. మామ్మగారు కొంతసేపు ఊరకుండి, "బాగుంది నాయనా. కానీ అది నా మాట కాదుగా. వాడు చదివితే ఎవరో రాశారనుకుంటాడు" అనిరి.

నేను సిగ్గుపడి ఆ కాగితమును చింపి, ఆమె మాట ఆమె పలికినట్లే మరల వ్రాసితిని. ఆ సంవత్సరము చివర కుమారుడు సెలవుపై వచ్చి నాతో ఒక్క సంగతి చెప్పెను. ఆ వారము జాబు రాని కర్నూలు మిత్రుడొకడు ఆ జాబును అడిగి తీసికొని తానును చదువుకొనెనట. ఎవరి తల్లియైనను, ఆ మాట తెలుగు తల్లిదే కదా!

అదే యుద్ధములో రెండవ రాజపుతానా రైఫిల్సుకు చెందిన మేజరు పద్మపాణి ఆచార్య 1999 జూన్ 28న వీరమరణము పొందిరి. వారి కుటుంబము హైదరాబాదునందుండెను. జూన్ 19వ తేదీన ఆయన తండ్రికొక జాబు వ్రాసిరి. గర్భవతియైన తన భార్యకు దినమునకొక భారతకథ చెప్పుమనియు, దానివలన పుట్టబోవు బిడ్డకు మంచి గుణము లలవడుననియు కోరిరి. ఆయనకు మరణానంతరము మహావీరచక్రము లభించెను. తండ్రి ముఖము చూడకయే కుమార్తె జన్మించెను. ఆమెకు తండ్రి మాట ఆ జాబులోనే నిలిచియున్నది.

మన ఊరి సంగతి

ఇక మన రాజపాళయమునకు వత్తము. మన ఇండ్లలో తెలుగు వినబడుచున్నది. మన పూర్వులు తెలుగుదేశమునుండి వచ్చి శతాబ్దములు గడచినను నాలుకపై భాష నిలిచినది. ఇది సామాన్యమైన సంగతి కాదు. కాని నోట తెలుగు పలుకువారిలో తెలుగు వ్రాయగలవారెందరు? వ్రాయరానివారు కొందరు తమ తెలుగు మాటలను తమిళ లిపిలో వ్రాసికొనుట నేనెరుగుదును.

ఒక తల్లి తన కుమారుని జాబును నాకు చూపెను. అతడు ఉత్తరదేశమున శిబిరములో నున్నాడు. మాటలు తెలుగువి, అక్షరములు తమిళమువి. అందులో ఒక వాక్యమును ఆమె "కుడి పక్కన స్థలం చూడండి" అని చదివికొని, ఏ వీథికి కుడిప్రక్కనో తెలియక వారము దినములు తికమకపడెనట. అతడు వ్రాయదలచినది "గుడి పక్కన" అని! తమిళ లిపిలో క, ఖ, గ, ఘ అను నాలుగింటికిని ఒకే అక్షరము. కనుక కుడియు, గుడియు ఒకే తీరుగా కనబడును. తాతయు, దాతయు ఒకటే యగును. కాలికి దెబ్బ తగిలినదో, గాలి తగిలినదో తెలియదు. శిబిరమున నున్న బిడ్డ వ్రాసిన ఇట్టి వాక్యము తల్లికి ఎంత కలవరము కలిగించునో యోచింపుడు.

ఇది తమిళ లిపియందలి లోపము కాదు. ఆ లిపి తమిళభాషకు చక్కగా అమరినది. తమిళము మనము నివసించు నాటి భాష. దానిని శ్రద్ధతో నేర్చుకొనుడు. కాని ఒకరి చొక్కా మరియొకరికి సరిపడనట్లు, తెలుగు ధ్వనులకు తెలుగు అక్షరములే సరిపడును. మాటలాడుటకే పరిమితమైన భాష గుమ్మము దాటదు. వ్రాతకు ఎక్కిన భాష సియాచిన్ వరకును పోవును.

మరియొక సంకోచము గూడ మనలో కలదు. "మా తెలుగు పుస్తకాల తెలుగు కాదు, అందులో తమిళం కలిసింది, రాస్తే నవ్వుతారు" అని కొందరు తల్లులు నాతో అనిరి. అమ్మలారా! మామ్మగారి మాట మరువకుడు. జాబునకు వ్యాకరణపరీక్ష లేదు. మీ బిడ్డ ఎదురుచూచునది పుస్తకపు తెలుగు కాదు, మీ వంటింటి తెలుగు. పరీక్షాపత్రమున మాత్రము, పిల్లలారా, నేను చెప్పినట్లే వ్రాయుడు!

జాబు ఎట్లుండవలెను?

పెద్దల జాబులలో "ఉభయకుశలోపరి" అని యుండుట చూచియుందురు. ఉభయుల క్షేమమును తెలిపిన పిమ్మట అని దాని భావము. మన క్షేమము చెప్పి, వారి క్షేమమడిగి, ఆ తరువాతనే తక్కిన సంగతి. ఈ క్రమము నేటికిని మంచిదే. ఒక మాదిరి జాబు చూడుడు. చెల్లెలు అన్నకు వ్రాయుచున్నది.

రాజపాళయం.

అన్నకు చెల్లెలు నమస్కారాలతో రాసేది. ఇక్కడ మేమందరం బాగున్నాం. నువ్వు ఎలా ఉన్నావో రాయి. అమ్మ మోకాలు నొప్పి తగ్గింది, మెట్లెక్కుతోంది. అయ్యనార్ కోవెల ఏట్లో నీళ్లు బాగా వచ్చాయి. మన కుక్క నాలుగు పిల్లల్ని పెట్టింది, అన్నీ తెల్లగా ఉన్నాయి. మన ఊరి కుక్క బొమ్మ 2005లో తపాలా బిళ్లమీద వేశారని మాష్టారు చెప్పారు. ఒక పిల్లకి నీ పేరు పెడదామన్నాను, నాన్న కోప్పడ్డారు. నీ సైకిలు నేనే తొక్కుతున్నాను. ముందు చక్రం కాస్త వంకర పోయింది, నువ్వొచ్చేలోగా బాగు చేయిస్తాను. పొద్దున్నే పొదిగై బండి కూత వినబడితే అమ్మ వాకిట్లోకి వచ్చి నిలబడుతుంది. నువ్వు ఏ రోజు వస్తావో ముందుగా చెప్పకు, ఊరికే వచ్చెయ్యి.

నీ చెల్లెలు.

ఇందు గొప్ప మాట ఒక్కటియు లేదు. అయినను ఇల్లు, ఏరు, కుక్క, సైకిలు, వాకిలి – అన్నియు కన్నులకు కట్టుచున్నవి. సైకిలు చక్రము సంగతిని దాచక చెప్పుట గమనింపుడు. చిన్న చిక్కులను దాచిన జాబు పరాయిజాబువలె నుండును. కాని ఆతడు అచ్చటినుండి తీర్పలేని పెద్ద చిక్కులను, కలహములను కోపములో వ్రాయరాదు. రాత్రి కాపలాయందు ఆ మాటలే అతని తలలో తిరుగుచుండును.

దళము ఎచ్చట నున్నదో, ఎచ్చటికి పోవుచున్నదో జాబులో అడుగరాదు. తెలిసినను ఇతరులకు చెప్పరాదు. ఫోనులందును ఇదే నియమము. 2020 జులైలో మన సైన్యము ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ మొదలగు 89 యాప్‌లను తొలగింపవలసినదిగా సైనికులను ఆదేశించినది. అన్న పంపిన ఛాయాచిత్రమును ముచ్చటపడి అందరికిని పంచుటవలన అన్నకే అపాయము కలుగవచ్చును.

బాలిక ప్రశ్నకు సమాధానము

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. ఫోను మంచిదే. పూర్వము తంతి వచ్చినదన్న చాలు, విప్పకమునుపే సైనికుని ఇంట ఏడ్పులు మొదలగుచుండెను. ఆ తంతి 2013 జులైతో ముగిసినది. నేడు తల్లి క్షణములో బిడ్డ గొంతు వినుచున్నది. అది కాలము చేసిన మేలు. కాని అన్ని శిబిరములందును ఫోను పలుకదు. పలికినను వరుసలో నిలిచినవాడు నాలుగు మాటలతో ముగింపవలెను. పలికిన మాట గాలిలో కలియును. జాబు మాత్రము చొక్కా జేబులో నుండును. కాపలా దిగి వచ్చిన పిదప దీపము వెలుతురున మరల చదువుకొనవచ్చును. ఫోను ఉన్నదని జాబు మానరాదు. జాబున్నదని ఫోను మానవలసిన పనియు లేదు.

తల్లిదండ్రులారా! మీ పిల్లలు సైన్యమున చేరవచ్చును, చేరకపోవచ్చును. చదువునకో, ఉద్యోగమునకో చెన్నపట్టణమో, విదేశమో పోవువారే ఎక్కువ. ఎచ్చటికి పోయినను ఇల్లు వారికి దూరమగును. ఆనాడు మీ మాట మీ మాటగానే వారిని చేరవలెనన్నచో, నేడు దినమునకు పది నిమిషములు వారితో తెలుగు వ్రాయింపుడు. అక్షరములు మరచిన పెద్దలు పిల్లలయొద్ద నేర్చుకొనుడు. అందు సిగ్గు లేదు.

అభ్యాసము

1. సైనికుని జాబుపై ఊరి పేరు ఎందుకు వ్రాయరు?

2. మామ్మగారు మొదటి జాబును ఎందుకు ఒప్పుకొనలేదు? మీ మాటలలో వ్రాయుడు.

3. కుడి – గుడి, తాత – దాత, కాలి – గాలి: ఇట్టి జంటలను మరి అయిదు వ్రాసి, ఒక్కొక్క మాటను వాక్యమున ప్రయోగింపుడు.

4. మీ అవ్వ చెప్పుచుండగా, దూరముననున్న బంధువునకు ఒక జాబు వ్రాయుడు. ఆమె మాటలను మార్చకుడు. వ్రాసి ఆమెకు చదివి వినిపింపుడు. "ఇది నా మాటే" అని ఆమె ఒప్పుకొనిన పిమ్మట తపాలాలో వేయుడు. ఈ ప్రశ్నకు మార్కులు నేను వేయను. ప్రత్యుత్తరము వచ్చినప్పుడు నాకు చూపిన చాలును.